పెరటి కోళ్లకు పారుడు: రెట్ట చూసి గుర్తుపట్టడం నుంచి గూడు ఆరబెట్టడం దాకా

ఐదు వారాల కోడిపిల్ల ఒకటి పొద్దున్నే మిగతావాటితో పాటు మేతకు పరుగెత్తకుండా మూల నిలబడి ఉంటుంది. ఈకలు ఉబ్బించుకుని, రెక్కలు వాల్చి, కళ్లు సగం మూసుకుని తూగుతుంటుంది. సాయంత్రానికి దాని రెట్టలో ఎర్రటి చార కనిపిస్తుంది. మర్నాటికి ఇంకో మూడు పిల్లలు అలాగే తయారవుతాయి. కోళ్లు పెంచేవాళ్లలో చాలామందికి పేగుల జబ్బు పరిచయమయ్యేది ఇలాగే. నాకూ అలాగే పరిచయమైంది. మొదటిసారి సగం పిల్లల్ని పోగొట్టుకున్నాను. సరైన మందే తెచ్చి వేశాను కానీ, ఆ మందును పనిచేయనివ్వని ఇంకో పని కూడా అదే నీళ్లలో చేశాను. అదేమిటో మందుల దగ్గర చెబుతాను.

కోడి తన జబ్బును వీలైనంత కాలం దాచుకుంటుంది. నీరసంగా కనిపించిన పక్షి మీదే వేటాడే జంతువు కన్ను పడుతుంది కాబట్టి అది దాని పుట్టుకతో వచ్చిన జాగ్రత్త. అందుకని మీ కంటికి జబ్బు కనిపించిందంటే అది ఇవాళ మొదలైంది కాదు, ఒకటి రెండు రోజుల కిందటిదే అనుకోండి. ఆలస్యం చేయడానికి సమయం ఉండదు. కంగారులో చేతికి దొరికిన మందు పోయడానికీ లేదు. ముందు కోడి ప్రాణం నిలబెట్టాలి, తర్వాత జబ్బేదో తేల్చుకోవాలి, ఆ తర్వాత మందు. మందు మొదలుపెట్టిన రోజే నేల సంగతి కూడా చూడాలి.

మామూలు రెట్ట ఎలా ఉంటుందో ముందు తెలుసుకోండి

ఆరోగ్యంగా ఉన్న కోడి రెట్ట గోధుమ రంగులోనో, బూడిద కలిసిన ఆకుపచ్చలోనో ఉంటుంది. గట్టిగా, ఆకారం నిలిచి, పైన తెల్లటి టోపీ పెట్టినట్టు కనిపిస్తుంది. ఆ తెలుపు మూత్రమే. కోడికి మూత్రం విడిగా రాదు, యూరిక్ యాసిడ్ ముద్దలా రెట్టతో కలిసే పడుతుంది.

దీనితో పాటు ఇంకో రకం రెట్ట ఉంది. కొత్తగా పెంచేవాళ్లు దాన్ని చూసి తప్పకుండా టెన్షన్ పడతారు. మెత్తగా, జిగటగా, ముదురు పసుపు నుంచి చాక్లెట్ రంగు దాకా ఉండి, ఘాటుగా వాసన వేస్తుంది. కోడి పేగుల చివర్లో, ఒక పక్క మూసుకుపోయిన సంచుల్లాంటి పేగులు రెండు ఉంటాయి. వాటిని సీకా అంటారు. మేతలో అరగని భాగం అక్కడ పులిసి, ఎనిమిది పది సార్లకు ఒకసారి ఇలా బయటికి వస్తుంది. ఇది జబ్బు కాదు. ఈ సీకా అనే పేరు గుర్తుంచుకోండి, రక్తపారుడు దగ్గర మళ్లీ వస్తుంది.

ఎండ బాగా ఉన్న రోజు కోడి నీళ్లు ఎక్కువ తాగుతుంది, రెట్ట కూడా నీళ్లగా పడుతుంది. గుడ్లు పొదుగుతూ కూర్చున్న పెట్ట రోజులో ఎక్కువ సేపు బిగపట్టుకుని, లేచినప్పుడు ఒక్కసారిగా పెద్ద ముద్ద, భరించలేని వాసనతో వేస్తుంది. బీట్‌రూట్ తిన్న కోడి ఎర్రగా వేస్తుంది. అప్పుడప్పుడు నారింజ రంగు సన్నటి పొర ముక్కలు రెట్టలో కనిపిస్తాయి. పేగు లోపలి పొర రాలి కొత్తది వచ్చేటప్పుడు కొద్దిగా అలా ఉంటుంది. కోడి చురుగ్గా ఉండి, మేత తింటూ ఉంటే వీటిలో దేనికీ మందు అక్కర్లేదు.

నేను చేసే పని ఒకటి చెబుతాను. రాత్రి కోళ్లు కూర్చునే కర్ర కింద పాత న్యూస్‌పేపర్ పరుస్తాను. పొద్దున దాన్ని తీసేటప్పుడు అర నిమిషం చూస్తాను. ఏ కోడి ఎక్కడ కూర్చుంటుందో వారంలో తెలిసిపోతుంది కాబట్టి, రెట్ట మారిన కోడిని గుర్తుపట్టడం కష్టం కాదు. మూల నిలబడే దశకు రాకముందే జబ్బు దొరికేది ఈ కాగితం మీదే.

మొదటి గంటలో చేయాల్సినవి

నీరసంగా ఉన్న కోడిని వెంటనే వేరు చేయండి. అట్టపెట్టె చాలు. అడుగున తెల్ల కాగితం లేదా పాత గుడ్డ పరిస్తే రెట్ట రంగు స్పష్టంగా తెలుస్తుంది. వేరు చేయడం వల్ల రెండు లాభాలు. మిగతావి దాన్ని పొడవవు, అది తింటోందో తాగుతోందో మీకు తెలుస్తుంది.

తర్వాత వెచ్చదనం. కోడి ఒంటి వేడి మామూలుగానే 41 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. మేత మానేసిన కోడి ఆ వేడిని నిలుపుకోలేక ఉన్న కాస్త శక్తీ దానికే ఖర్చు పెట్టేస్తుంది. ఈకలు ఉబ్బించుకునేది అందుకే. పెట్టెకు ఒక పక్క బల్బు లేదా గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా పెట్టి, రెండో పక్క చల్లగా వదిలేయండి. కోడికి ఎక్కడ హాయిగా ఉంటే అక్కడికి అదే జరుగుతుంది. పిల్లలైతే వెచ్చటి పక్క 30 డిగ్రీల దగ్గర ఉండాలి. వారం లోపు పిల్లలకు 32 నుంచి 35 డిగ్రీలు కావాలి. నోరు తెరిచి ఎగపోస్తుంటే వేడి ఎక్కువైందని అర్థం. అసలే ఎండ మండుతున్న రోజైతే బల్బు వద్దు, నీడ చాలు.

మూడోది నీళ్లు. పారుడుతో చనిపోయే కోళ్లలో చాలా వాటిని ఒంట్లో నీరు, లవణాలు ఇంకిపోవడమే చంపుతుంది. మొదటి కొన్ని గంటలు ఎలక్ట్రొలైట్ నీళ్లు పెట్టండి. కొన్నది లేకపోతే నాలుగు లీటర్ల నీటిలో ఎనిమిది చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు, అర చిన్న చెంచా వంటసోడా కలిపితే సరిపోతుంది. చెంచాలు తలగొట్టి కొలవండి. ఉప్పు ఎక్కువైతే కోడికి విషమే, పారుడు ఇంకా పెరుగుతుంది.

కోడి తనంతట తాను తాగకపోతే ముక్కు కొనను నీళ్లలో ఒక్కసారి ముంచి తీయండి. చాలా కోళ్లు అప్పుడు తాగడం మొదలుపెడతాయి. అప్పటికీ తాగకపోతే డ్రాపర్‌తో ముక్కు పక్క అంచున ఒక్కో చుక్కా వేసి, అది మింగేదాకా ఆగండి. నోరు తెరిచి గొంతులో పోయకండి. కోడి గాలి గొట్టం నోరు నాలుక మొదట్లోనే తెరిచి ఉంటుంది. నీళ్లు అందులోకి జారితే ఊపిరితిత్తుల్లోకి పోయి, పారుడు కన్నా ముందు అదే చంపుతుంది.

మేత మార్చకండి. రోజూ తినే దాణానే కొద్దిగా నీళ్లతో తడిపి మెత్తగా పెట్టండి. రెండు గంటల్లో తినకపోతే తీసేయండి, తడిసిన దాణా త్వరగా పులుస్తుంది. పాలు పట్టొద్దు. పాలలోని లాక్టోజ్ కోడికి సరిగ్గా అరగదు.

జబ్బేదో తేల్చుకోవడం

కోడి వయసెంత, ఎన్నింటికి వచ్చింది, రెట్ట ఎలా ఉంది? ఈ వరుసలోనే అడగండి. రంగు చూడగానే జబ్బు పేరు చెప్పేయాలనిపిస్తుంది కానీ, రంగు కన్నా వయసే ఎక్కువ చెబుతుంది.

మూడు వారాల లోపు పిల్లలు తెల్లగా, అంటుకునేలా వేస్తూ, వెనక భాగమంతా పేస్టులా గట్టిపడి, కిచకిచమని అరుస్తూ ఒకదాని వెంట ఒకటి చనిపోతుంటే అది తెల్లపారుడు కావచ్చు. సాల్మొనెల్లా పుల్లోరం అనే బాక్టీరియా వల్ల వస్తుంది, తల్లి నుంచి గుడ్డు ద్వారానే పిల్లలకు చేరుతుంది. అయితే ఒకటి రెండు రోజుల పిల్లకు వెనక ముద్ద కట్టినంత మాత్రాన ఈ జబ్బే అనుకోకండి. ప్రయాణంలో చలికో వేడికో తట్టుకోలేని పిల్లలకు కూడా అలా కడుతుంది. గోరువెచ్చని నీళ్లతో గుడ్డ తడిపి, ముద్దను నానబెట్టి మెల్లగా తుడిచి, తడి లేకుండా ఆరబెట్టండి. లాగితే చర్మం ఊడుతుంది. బొడ్డు దగ్గర ఎండిన పోగును ముద్ద అనుకుని పీకొద్దు.

మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లలు ముడుచుకుని నిలబడి రక్తం వేస్తుంటే ముందు అనుమానించాల్సింది రక్తపారుడు, అంటే కాక్సిడియోసిస్. పెరటి కోళ్లలో పేగుల జబ్బు అంటే ఎక్కువగా ఇదే. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: రక్తం కనిపించకపోయినా ఇదే కావచ్చు. దీన్ని కలిగించే ఐమీరియా అనే సూక్ష్మజీవుల్లో కోళ్లకు వచ్చే ముఖ్యమైన జాతులు ఏడు దాకా ఉన్నాయి. సీకాలో చేరే ఐమీరియా టెనెల్లా ఎక్కువ రక్తం పోయిస్తుంది. చిన్నపేగు మొదట్లో చేరే ఐమీరియా ఎసర్వులినా రక్తం లేకుండా నీళ్లగా, జిగురుగా వేయిస్తుంది, పిల్ల ఎదగదు, అంతే.

పెద్ద కోడి బాగానే తింటూ బక్కచిక్కిపోతోందా? రొమ్ము ఎముక చేతికి కత్తి అంచులా తగులుతోందా? తల మీది ఎర్రజుట్టు పాలిపోయిందా? అప్పుడు నట్టలు, అంటే పేగుల్లో పురుగులు. రెట్టలో తెల్లటి దారాల్లాంటివో, బియ్యపు గింజలంత ముక్కలో కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

ఆకుపచ్చ రెట్ట చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. ఆ పచ్చదనం పైత్యరసానిది. ఏ కారణంతో మేత మానేసినా, కలపడానికి ఏమీ లేక పైత్యం అలాగే బయటికి వస్తుంది. కాబట్టి ఆకుపచ్చ రెట్టతో జబ్బు పేరు తెలియదు, కోడి ఆకలితో ఉందని మాత్రం తెలుస్తుంది. మేత కడుపులోకి పోతోందో లేదో మేత సంచిని తడిమి చూడండి. మెడ కింద, రొమ్ముకు కుడి వైపు ఉంటుంది. రాత్రి నిండుగా, పొద్దున ఖాళీగా ఉండాలి. పొద్దున కూడా నిండుగా, గట్టిగానో పుల్లటి వాసనతోనో ఉంటే సమస్య పేగుల్లో కన్నా పైనే ఉంది.

ఆకుపచ్చ పారుడుతో పాటు గురక, తుమ్ములు, మెడ వంకర తిరగడం, కాళ్లు రెక్కలు పడిపోవడం ఉంటే, లేదా తల వాచి జుట్టు నీలంగా మారి కోళ్లు పటపటా రాలిపోతుంటే, ఇక చదవడం ఆపి పశువైద్య శాఖకు ఫోన్ చేయండి. మొదటిది కొక్కెర తెగులు, రెండోది బర్డ్ ఫ్లూ కావచ్చు. రెండూ వైరస్ జబ్బులు. వీటికి ఇంట్లో చేసే వైద్యం లేదు. చనిపోయిన కోళ్లను వట్టి చేతులతో ముట్టుకోవద్దు, బతికున్న వాటిని ఎవరికీ ఇవ్వొద్దు, అమ్మొద్దు.

రెట్ట పరీక్ష

ఇది మనవాళ్లు ఎక్కువగా దాటవేసే మెట్టు. పశువుల ఆసుపత్రిలో రెట్టను మైక్రోస్కోప్ కింద చూస్తే నట్టల గుడ్లు, కాక్సిడియా (అంటే ఐమీరియా) గుడ్లు రెండూ కనిపిస్తాయి. నాలుగైదు చోట్ల నుంచి తాజా రెట్ట, ఒకటి రెండు సీకా రెట్టలు కూడా కలిపి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేయండి. వెంటనే ఇవ్వలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టి ఒక రోజులోపు ఇవ్వండి. ఫ్రీజర్‌లో పెట్టకండి.

రిపోర్టు చదవడంలో ఒక చిక్కు ఉంది. నేల మీద తిరిగే ఏ కోడి రెట్టలోనైనా కొద్దిగా కాక్సిడియా ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్న పెద్ద కోడికి అది జబ్బు కాదు. అటు చూస్తే, రక్తపారుడులో రక్తస్రావం నాలుగైదు రోజులకే మొదలవుతుంది, గుడ్లు రెట్టలోకి రావడం ఆరేడు రోజులకు. అంటే పిల్ల చావుబతుకుల్లో ఉన్నప్పుడు రిపోర్టు శుభ్రంగా రావచ్చు. అందుకే ఆ వయసు పిల్లలు, ఆ లక్షణాలు, రక్తం మూడూ ఉంటే శాంపిల్ పంపుతూనే మందు మొదలుపెట్టమంటాను.

ఒక కోడి చనిపోతే బాధతో వెంటనే పాతిపెట్టకండి. సంచిలో కట్టి చల్లగా ఉంచి, ఆ రోజే పోస్టుమార్టంకు ఇవ్వండి. పేగు తెరిచి చూస్తే డాక్టర్‌కు నిమిషాల్లో తెలిసే విషయం బయటి నుంచి వారమంతా చూసినా మనకు తెలియదు. ఆ ఒక్కటి మిగతావాటిని బతికిస్తుంది.

రక్తపారుడుకు వైద్యం

చాలా దేశాల్లో మొదట వాడేది యాంప్రోలియం. ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే నేను చేసిన తప్పు మీరు చేయరు. యాంప్రోలియం చూడటానికి బి1 విటమిన్‌లా ఉంటుంది. ఐమీరియా దాన్ని బి1 అనుకుని లోపలికి తీసుకుంటుంది, అసలు విటమిన్ అందక ఎదగలేక చస్తుంది. ఇప్పుడు మనం పిల్లలు నీరసంగా ఉన్నాయని అదే నీళ్లలో బి కాంప్లెక్స్ కలిపితే ఏమవుతుంది? ఐమీరియాకు కావాల్సిన భోజనం మనమే వడ్డించినట్టు. నేను చేసింది సరిగ్గా అదే. మందు వాడినన్ని రోజులూ బి1 ఉన్న విటమిన్లేవీ ఇవ్వకండి. కోర్సు అయ్యాక ఇవ్వండి, అప్పుడు అవసరం కూడా.

కొలత విషయానికి వద్దాం. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు లీటరు నీటికి 240 మిల్లీగ్రాముల అసలు మందు పడాలి. డబ్బా మీద 20 శాతం పొడి అని ఉంటే లీటరుకు 1.2 గ్రాములు. 9.6 శాతం ద్రావణమైతే లీటరుకు 2.5 మిల్లీలీటర్లు. ఐదు రోజులు ఇలా ఇవ్వాలి. తర్వాత ఒకటి రెండు వారాలు నాలుగో వంతు చొప్పున, అంటే పొడి 0.3 గ్రాములు లేదా ద్రావణం 0.6 మిల్లీలీటర్లు. మీ డబ్బా శాతం వేరైతే ఈ లెక్క మారుతుంది, లేబుల్ చదివి డాక్టర్‌తో ఒకసారి సరిచూసుకోండి. పొడిని చెంచాతో కొలవొద్దు, గ్రాములు చూపే చిన్న తూకం వాడండి. ద్రావణానికి సిరంజి.

మందు నీళ్లు తప్ప ఇంకే నీళ్లూ వాటికి దొరకకూడదు. పెరట్లో కారే కుళాయి, మొక్కల కుండీ కింద నిలిచిన నీళ్లు, వాన గుంట, అన్నీ చూసుకోండి. రోజూ పాత నీళ్లు పారబోసి కొత్తగా కలపండి, నీడలో పెట్టండి. ఎలక్ట్రొలైట్ మొదటి కొన్ని గంటలకే, తర్వాత అంతా మందు నీళ్లే. పెట్టెలో పెట్టిన పిల్లకే కాదు, గుంపులో ఉన్న అన్నింటికీ ఇవ్వాలి. ఇవాళ చురుగ్గా ఉన్న పిల్ల పేగుల్లో కూడా ఐమీరియా ఇప్పటికే ఉంటుంది.

తాగే ఓపిక కూడా లేని పిల్లకు కలిపిన నీళ్లనే గంటకోసారి చుక్కలుగా వేయండి. తొందరగా కోలుకుంటుందని చిక్కగా కలిపి పోయడం వద్దు. మోతాదు మరీ ఎక్కువైతే కోడికే బి1 లోపం వచ్చి మెడ వెనక్కి విరుచుకుపోతుంది.

రెండో మందు టోల్ట్రాజురిల్. ఐమీరియా పేగులో ఏ దశలో ఉన్నా చంపుతుంది. కిలో బరువుకు 7 మిల్లీగ్రాముల చొప్పున వరుసగా రెండు రోజులు. 2.5 శాతం ద్రావణంలో ఒక మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములు ఉంటుంది. అర కిలో పిల్లలు పది ఉన్నాయనుకుంటే మొత్తం ఐదు కిలోలు, 35 మిల్లీగ్రాములు, అంటే రోజుకు 1.4 మిల్లీలీటర్లు. అవి ఆ రోజు తాగగలిగినన్ని నీళ్లలోనే కలపాలి. మనుషులు తినే గుడ్లు పెట్టే పెట్టలకు వాడొద్దని చాలాచోట్ల లేబుల్ మీదే రాసి ఉంటుంది. సల్ఫా మందులు కూడా పనిచేస్తాయి కానీ మోతాదు కాస్త మించితే రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తాయి. అసలే రక్తం పోతున్న పిల్లకు అది ప్రమాదం. డాక్టర్ చెబితేనే.

మందు సరైనదైతే ఒకటి రెండు రోజుల్లో రక్తం తగ్గుతుంది, పిల్లలు మేత వైపు నడుస్తాయి. మూడు రోజులైనా మార్పు లేకపోతే జబ్బు వేరే కావచ్చు, మందుకు లొంగని ఐమీరియా కావచ్చు. మోతాదు పెంచడం దీనికి జవాబు కాదు, మళ్లీ పరీక్షకు వెళ్లాలి. కోలుకుంటున్నాయి అనుకున్న పిల్లలు ఉన్నట్టుండి ముదురు రంగులో, కుళ్లు వాసనతో వేసి గంటల్లో చనిపోతే అది నెక్రోటిక్ ఎంటరైటిస్. ఐమీరియా చీల్చిన పేగులో క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బాక్టీరియా పెరిగి విషం వదులుతుంది. దానికి యాంటీబయాటిక్ కావాలి, అదీ ఆ రోజే.

వెల్లుల్లి, వెనిగర్ లాంటివి వేస్తే తగ్గిందని చెప్పేవాళ్లు ఉంటారు. తేలికపాటి జబ్బు దానంతటదే తగ్గుతుంది, పేరు వెల్లుల్లికి వస్తుంది. రక్తం వేస్తున్న పిల్లకు ఇవి మందు కావు. వాటి కోసం పోగొట్టుకునే ఒక్క రోజు చాలా ఖరీదైనది.

నట్టలు

ఏలికపాములు కోళ్లలో పెద్దవి, ఐదు నుంచి పన్నెండు సెంటీమీటర్లు పెరుగుతాయి. సీకాలో చేరే సన్న పురుగులు కోడికి అంతగా హాని చేయవు కానీ టర్కీ కోళ్లను చంపే హిస్టోమోనాస్ అనే జీవిని మోస్తాయి. అందుకే కోళ్లను టర్కీలను కలిపి పెంచకూడదంటారు. వెంట్రుకల్లాంటి కాపిలేరియా కంటికి కనిపించకుండానే కోడిని పీల్చేస్తుంది. బద్దెపురుగులు చీమలు, పేడపురుగులు, ఈగల ద్వారా వస్తాయి.

ఫెన్‌బెండజోల్ గుండ్రటి పురుగులకు బాగా పనిచేస్తుంది. కోళ్ల కోసమే తయారైన, నీళ్లలో కలిసే రకానికి మోతాదు కిలో బరువుకు రోజుకు 1 మిల్లీగ్రాము, వరుసగా ఐదు రోజులు. రెండు కిలోల కోళ్లు పది ఉంటే రోజుకు 20 మిల్లీగ్రాములు. పశువులకు, మేకలకు వాడే మామూలు ఫెన్‌బెండజోల్ ద్రావణాన్ని కోళ్ల నీళ్లలో పోయకండి, మందు అడుగుకు చేరిపోతుంది. పై నీళ్లు తాగిన కోడికి ఏమీ అందదు, అడుగు తాగిన దానికి అన్నీ అందుతాయి. అదే చేతిలో ఉంటే ఒక్కో కోడికి ఎంత పట్టాలో డాక్టర్‌ను అడగండి. ఈకలు రాలి కొత్తవి వచ్చే సమయంలో ఈ మందు కొత్త ఈకలను పాడుచేయగలదు, ఆగగలిగితే ఆగండి.

పైపెరజీన్ పెద్ద ఏలికపాములను మాత్రమే పడగొడుతుంది. పిల్ల పురుగులు పెరిగాక మళ్లీ వేయాలి. బద్దెపురుగులకు రెండూ సరిపోవు, ప్రాజిక్వాంటెల్ కావాలి. పేరుకు ఏటా ఇన్నిసార్లని గుడ్డిగా నట్టల మందు వేసే కన్నా, రెట్ట పరీక్ష చేయించి ఉంటేనే వేయడం మేలు. అనవసరంగా వేసిన ప్రతి డోసూ మందుకు లొంగని పురుగులను మిగులుస్తుంది.

యాంటీబయాటిక్ గురించి

పారుడు అనగానే యాంటీబయాటిక్ అందుకోవడం చాలామందికి అలవాటు. కాక్సిడియా మీద, నట్టల మీద, వైరస్ మీద ఎక్కువ యాంటీబయాటిక్‌లు పనిచేయవు. తెల్లపారుడు, కోళ్ల టైఫాయిడ్ లాంటి సాల్మొనెల్లా జబ్బుల్లో చావులు తగ్గిస్తాయి, కానీ బతికిన కోడి జీవితాంతం క్రిమిని మోస్తూ గుడ్ల ద్వారా పంచవచ్చు. అందుకే అలాంటి గుంపు నుంచి పిల్లలను పొదిగించకూడదు. ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్లకు వాడటాన్ని అమెరికా 2005లో ఆపేసింది. కోళ్లలో పెరిగిన మందుకు లొంగని కాంపైలోబాక్టర్ అనే బాక్టీరియా మనుషులకు సోకి, వాళ్లకు అదే రకం మందులు పనిచేయకపోవడమే కారణం. ఆ ముప్పు పెరట్లోనూ అంతే ఉంటుంది.

నేల ఆరితేనే జబ్బు ఆగుతుంది

నేను ఎక్కువగా పట్టుబట్టి చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. రెట్టతో బయటపడిన ఐమీరియా గుడ్డు అప్పటికప్పుడు ఏ కోడికీ సోకదు. తడి, వెచ్చదనం, గాలి దొరికితే ఒకటి రెండు రోజుల్లో పక్వానికి వస్తుంది, అప్పుడు తిన్న కోడికి సోకుతుంది. ఆ లోపు రెట్ట తీసేస్తే గొలుసు తెగిపోతుంది. తీయకుండా మందు మాత్రం పోస్తే, ఒక్కో గుడ్డు వారంలో వేలకు వేలు అయ్యి మళ్లీ నేల నిండిపోతుంది. మందు ఆపిన పది రోజులకు జబ్బు తిరిగొచ్చిందని చెప్పేవాళ్ల గూట్లో నీళ్ల గిన్నె చుట్టూ చూడండి, తడిగా ఉంటుంది.

కాబట్టి మందు మొదలైన రోజే గూటి నేల మీద పరిచిన లిట్టర్‌లో తడిసినదంతా ఎత్తేయండి. కోళ్లకు అందని చోట వేయండి. వైద్యం నడిచినన్ని రోజులూ రెట్ట రోజూ తీయండి. కొత్త లిట్టర్ ఎంత పొడిగా ఉండాలో చేత్తో తెలుస్తుంది. గుప్పెడు తీసి పిండి వదిలితే విడిపోవాలి. ముద్దలా నిలిస్తే తడి ఎక్కువ. నీళ్ల గిన్నె అంచు కోళ్ల వీపు ఎత్తులో ఉండేలా ఇటుకల మీద పెట్టండి, చిమ్మడమూ తగ్గుతుంది, అందులో రెట్ట పడటమూ తగ్గుతుంది. మేత నేల మీద చల్లకండి.

బ్లీచింగ్ నీళ్లతో కడిగితే బాక్టీరియా చస్తుంది కానీ ఐమీరియా గుడ్డుకు ఏమీ కాదు, దాని పెంకు అంత గట్టిది. పది శాతం అమ్మోనియా పనిచేస్తుంది. అయితే దాని ఘాటు కోళ్ల కళ్లకు, ఊపిరితిత్తులకు చెరుపు. గూడు ఖాళీ చేసి, వాసన పూర్తిగా పోయాకే కోళ్లను వదలాలి. బ్లీచ్‌ను, అమ్మోనియాను ఎప్పుడూ కలపకండి, ఒకదాని మీద ఒకటి పోయకండి. వచ్చే విషవాయువు మనిషి ప్రాణానికే ముప్పు. ఇంట్లో చేసుకోగలిగిన వాటిలో నాకు నమ్మకమైనవి గోకి శుభ్రం చేయడం, సలసల కాగే నీళ్లు, ఆపైన గట్టి ఎండ.

ఈ పనులు చేసేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి. సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ మనకూ సోకుతాయి. ఐదేళ్ల లోపు పిల్లలను జబ్బు కోళ్ల దగ్గరికి రానివ్వకండి.

కోలుకునే రోజులు

పెట్టెలో ఉన్న కోడిని రెట్ట మామూలై, రెండు మూడు రోజులు సొంతంగా తిన్నాకే గుంపులో కలపండి. సాయంత్రం, కోళ్లు కర్రెక్కే వేళ కలిపితే పోట్లాట తక్కువ. యాంప్రోలియం అయిపోయింది కాబట్టి ఇప్పుడు విటమిన్లు ఇవ్వొచ్చు. వారానికోసారి తూకం వేసి రాసుకోండి. పేగు పొర బాగా దెబ్బతిన్న పిల్ల తోటివాటిని అందుకోవడానికి చాలా వారాలు పట్టవచ్చు, కొన్ని ఎప్పటికీ అందుకోలేవు.

గుడ్లు, మాంసం ఎన్ని రోజులు వాడకూడదో ప్రతి మందు లేబుల్ మీదా ఉంటుంది. మందు మొదలైన తేదీ, ఆపిన తేదీ గూటి తలుపు మీద సుద్దతో రాసి పెడితే ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

ఒకసారి రక్తపారుడు వచ్చి బతికిన కోడికి ఆ జాతి ఐమీరియా నుంచి రక్షణ వస్తుంది, మిగతా జాతుల నుంచి రాదు. అందుకే ఒకే గుంపుకు రెండోసారి కూడా రావచ్చు. పెద్ద కోళ్లు పైకి ఏమీ కనిపించకుండానే రెట్టలో ఐమీరియా గుడ్లు వదులుతుంటాయి కాబట్టి చిన్నపిల్లలను కనీసం ఎనిమిది వారాల దాకా వాటి నేల మీదికి వదలకండి. తల్లికోడితో పెరిగే పిల్లలైతే చోటు మారుస్తూ, పొడి నేల మీద తిప్పండి. రక్తపారుడు టీకా వేసిన పిల్లలను కొంటే యాంప్రోలియం కలిపిన దాణా పెట్టకండి. టీకాలో ఉన్నది బతికున్న ఐమీరియానే, ఆ దాణా దాన్ని చంపేస్తుంది. బయటి నుంచి తెచ్చిన ఏ కోడినైనా నెల రోజులు వేరే చోట, వేరే గిన్నెలతో ఉంచి, ఆ నెలలో ఒకసారి రెట్ట పరీక్ష చేయించి, అప్పుడు కలపండి. ఆ నెలంతా మేత ముందు మీ కోళ్లకు వేసి, కొత్తదాని దగ్గరికి చివర్లో వెళ్లండి. మీ చెప్పుల అడుగున అంటిన తడి మట్టి కూడా ఐమీరియాను మోస్తుంది.